కొనుక్కొచ్చిన బొమ్మలు

మా అమ్మాయి ఆ వేసవిలో చూసిన వీడియోల చప్పుడు గుర్తొస్తే నాకు ఇప్పటికీ చీదర పుడుతుంది. గోళ్ళకు రంగు వేసుకున్న ఎవరివో రెండు చేతులు ఒక జిగురు ముద్దను పిసుకుతూ ఉంటాయి. మాట ఉండదు, కథ ఉండదు. ఆ ముద్ద సాగుతుంది, తెగుతుంది, పచక్ పచక్ మంటుంది, మళ్ళీ పిసుకుతారు. పన్నెండేళ్ళ పిల్ల మంచం మీద బోర్లా పడుకుని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అదే చూసేది. పక్కన సగం కొరికి వదిలేసిన మామిడి ముక్కల మీద ఈగలు ముసురుతున్నా తెలిసేది కాదు. తిట్టాను. ఫోను దాచాను. దాస్తే గోడవైపు తిరిగి పడుకునేది. ఇస్తే మళ్ళీ అదే పచక్ పచక్.

అరకు వెళ్ళే రోడ్డు మీద ఒక సంత ఊళ్ళో మా ఇల్లు. కింద మా ఆయన కిరాణా కొట్టు, పైన మేము. వాళ్ళ తాతల కాలంలో కింద మైదానం నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. నేను అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున, కొండ మీద ఒక ఊరి బడిలో పంతులమ్మని. రెండు గదులు, ఒక వరండా, టీచర్ని నేనొక్కదాన్నే. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మే నెల మొదట్లో ఒక రోజు ఆ తాళంచెవి, మా అమ్మాయి చెయ్యి, రెండూ పట్టుకుని జీపెక్కాను. వేసవి సెలవుల్లో కొండ పిల్లల చదువు ఆగిపోకూడదని వెళ్ళానని తర్వాత చాలామందితో చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నా కూతుర్ని ఆ మంచం మీదనుంచి లేపడానికి నాకొక చోటు కావాలి. ఆ ఊళ్ళో సిగ్నల్ ఉండదు.

బడి తెరిచానని తెలిసి మొదటి రోజు ఆరుగురు వచ్చారు. మూడో రోజుకు పధ్నాలుగు మంది అయ్యారు. పెద్దవాళ్ళు పొద్దున్నే విస్తళ్ళు కుట్టే అడ్డాకులకీ చింతపండు పనికీ కొండెక్కి పోతారు, పిల్లలు ఊళ్ళో తిరుగుతూ ఉంటారు. అందుకని వచ్చారు. నేను రంగుకాగితాలు, స్కెచ్ పెన్నులు పట్టుకెళ్ళాను. వాటితో రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పెన్నులు ఆరిపోయాయి. అప్పుడేం చేయించాలో నాకు తెలియలేదు. పిల్లలే బడి వెనకున్న పుట్ట నుంచి మన్ను తవ్వి తెచ్చి నీళ్ళు పోసి తొక్కడం మొదలుపెట్టారు. ఎద్దులు చేశారు, పందులు చేశారు, కోడి చేశారు. ఐదు పాసై ఆరులో చేరబోతున్న ఒక ఆడపిల్ల, ఇక్కడి మాటలో గుంట, మాత్రం జంతువు చెయ్యలేదు. వరండా చివర సిమెంటు మీద పెద్ద ముద్ద వేసి, దాన్ని ఎత్తుగా దిద్దుతూ కూర్చుంది. ఏటే అది అని అడిగాను.

"మన కొండ టీచర్" అంది.

అది మొదలు. ఆ తర్వాత రెండు వారాలు మాకు వేరే పని లేదు. రెండు మంచాలంత చోట్లో ఆ కొండ పెరిగింది. ఊరు ఎక్కడ, ఊట ఎక్కడ, కాఫీ తోట ఏ వైపు, పోడు ఏ వైపు, సంతకి దిగే దారి ఎటు తిరుగుతుంది, అన్నిటికీ తగాదాలే. చింతగింజలు ఇళ్ళు. బూడిద గీతలు గెడ్డలు, కొండవాగులు. సిల్వర్ ఓక్ చెట్లకి ఈనెపుల్లలు. రెండు గెడ్డలు ఎక్కడ కలుస్తాయన్న దాని మీద ఒక పూటంతా కొట్టుకున్నారు. సగం మంది పనసచెట్టుకి పైన అన్నారు, సగం మంది కింద అన్నారు. మర్నాడు అందరం వెళ్ళి చూశాం. మధ్యలో ఇంకో సన్నటి గెడ్డ ఉంది, రెండుసార్లు కలుస్తోంది. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ ఊళ్ళో ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఆ మూడో గెడ్డ సంగతి నాకు తెలియదు.

దూరాలు అడుగులతో కొలిచారు. చిన్నవాడి అడుగులకీ పెద్దదాని అడుగులకీ లెక్క కుదరక మళ్ళీ తగాదా. చివరికి ఎవరిదో దూడకు కట్టే తాడు తెచ్చి ముళ్ళు వేసి కొలిచారు. ఏడాది పొడుగునా నల్లబల్ల మీద మీటరు, సెంటీమీటరు అని నేను అరిచినా ఎక్కని సంగతి ఆ తాడుతో ఎక్కింది. తూర్పు వైపు వాలు ఒకటి నిలవక రెండుసార్లు కూలిపోయింది. మూడోసారి, కొండ మొదలుపెట్టిన ఆ పెద్ద గుంటే మన్నులో గడ్డి తరిగి కలిపి నిలబెట్టింది. ఇంట్లో గోడకి అలాగే కలుపుతారట.

మా అమ్మాయి మొదటి వారం స్టూలు మీద ముక్కు మూసుకుని కూర్చుంది. పేడ వాసనంది, మట్టి అంది, ఛీ అంది. ఒక మధ్యాహ్నం వాన కొట్టి జీపు ఆలస్యమైంది. ఏమీ తోచక లేచి వచ్చి, చోట్ల పేర్లు చీటీల మీద రాసి గుచ్చుతానంది. పిల్లలు తమ భాషలో పేర్లు చెప్పారు. తను తెలుగు అక్షరాల్లో రాసింది. పలకడం తప్పితే వాళ్ళు నవ్వారు. తను మళ్ళీ పలికింది. ఆ రోజు దిగేటప్పుడు దాని చేతులు మోచేతుల దాకా మన్నే. కడుక్కోమని నేను చెప్పలేదు.

పెద్ద గుంట నాయనమ్మ కూడా ఒకసారి వచ్చింది. చింతగింజల ఇళ్ళని చాలాసేపు చూసింది. తర్వాత వంగి పడమటి వైపు ఒక రాయి పెట్టింది. పాత ఊరు అక్కడుండేదని, జబ్బులొచ్చి జనం చనిపోతే ఇటు దిగారని వాళ్ళ భాషలో చెబితే మనవరాలు నాకు తెలుగులో చెప్పింది. పిల్లలెవ్వరికీ అంతవరకూ ఆ సంగతి తెలియదు.

ఇంతవరకూ నేను చేసిన దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ తర్వాత నేనే చెడగొట్టాను. ఒక రోజు సాయంత్రం కిందికి దిగాక, సిగ్నల్ వచ్చాక, ఆ మట్టికొండ ఫొటోలు నాలుగు మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరూ అడగలేదు. మెప్పు కోసం పెట్టాను. దండాలూ చప్పట్లూ వరసగా వచ్చాయి. భోంచేస్తూ లెక్కపెట్టుకున్నాను. ఆ లెక్కపెట్టుకోవడం ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చీదరగా ఉంటుంది.

వారం తిరక్కుండా మా చుట్టుపక్కల బడుల వ్యవహారాలు చూసే మాస్టారు ఫోను చేశారు. ఆయన మంచివాడే. ఎవరి మీదా గొంతెత్తడు, జీతాల బిల్లులు ఆగితే తిరిగి పని చేయించిపెడతాడు. వేసవిలో పిల్లల సృజన అనే కార్యక్రమం చూడటానికి పట్నం నుంచి ఒక మేడమ్ గారు వస్తున్నారనీ, ఈ వైపు సెలవుల్లో తెరిచి ఉన్న బడి నాదొక్కటే కాబట్టి అక్కడికే తీసుకొస్తామనీ చెప్పారు. నాకు గర్వంగా అనిపించింది. మా ఆయనకు చెప్పాను. పాలు పోయడానికి వచ్చిన ఆవిడకి కూడా చెప్పాను.

వచ్చేది మర్నాడనగా మాస్టారు ముందుగా వచ్చి చూశారు. జీపులోంచి రెండు పెద్ద అట్టపెట్టెలు దింపించారు. వరండా ఎక్కి మట్టికొండ ముందు నిలబడ్డారు. నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశారు. ఫోనులో ఒక ఫొటో తీసి, తీసిన ఫొటోని మళ్ళీ చూసుకున్నారు.

"బాగుంది మేడమ్. కాదన్ను. కానీ ఫొటోలో ఏటీ తెలీట్లేదు. మట్టి మట్టిగా ఉంది" అన్నారు.

నేను కొండని వివరించబోయాను. ఊట, పాత ఊరు, మూడో గెడ్డ. ఆయన మర్యాదగా విన్నారు. వచ్చేవాళ్ళు పది నిమిషాలు ఉంటారని, అంత వినే తీరిక వాళ్ళకి ఉండదని, రంగులుంటేనే కళ్ళకి కనపడతాయని అన్నారు. అట్టపెట్టెలు విప్పారు.

లోపల ఐస్ పుల్లలతో కట్టిన ఇల్లుంది. థర్మాకోల్ మీద మెరుపులు చల్లిన నెమలి ఉంది. ఊలుతో అల్లి గోడకి తగిలించే అలంకారం, ప్లాస్టిక్ సీసాతో చేసిన పూలకుండీ, గాజుల మీద దారం చుట్టిన కోడిపిల్ల. పట్నంలో ప్రాజెక్టులు చేసి అమ్మే దుకాణం నుంచి తెచ్చినవి. పెట్టె తెరవగానే జిగురు వాసన, రంగు వాసన కలిసి గుప్పున కొట్టింది. మెరుపులు పెట్టె అడుగున రాలి ఉన్నాయి. నెమలికి ఒక కన్ను ఊడిపోయింది. కొత్తవి కావు. అంతకుముందు ఎన్ని బడులు తిరిగొచ్చాయో. ఐస్ పుల్లల ఇంటి వెనకవైపు చిన్న స్టిక్కరు ఉంది. దాని మీద ఎవరో పిల్లవాడి పేరు, ఐదవ తరగతి అని నీలం సిరాతో రాసి ఉంది.

"అది కొంచెం తీసేయండి మేడమ్" అన్నారాయన, మంచినీళ్ళు ఇమ్మన్నంత తేలిగ్గా.

నేను తీశాను. గోరుతో గీకి తీశాను. సగం ఊడి సగం పట్టుకుంటే ఉమ్మి రాసి రుద్దాను. ఎవడో పిల్లవాడి పేరు నా గోటి కింద నల్లటి ముద్దై చేరింది. మా అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. అది చూస్తోందని నాకు తెలుసు.

తర్వాత కుర్చీల సంగతి వచ్చింది. మధ్యాహ్నాలు వాన పడుతోంది కాబట్టి బల్లలూ కుర్చీలూ వరండాలోనే వెయ్యాలి. కొండ ఉన్న చోటే కాస్త వెడల్పు. మాస్టారు పిల్లల వైపు తిరిగి అది తీసెయ్యమన్నారు. ఎవరూ కదల్లేదు. అందరూ నా వైపు చూశారు. పధ్నాలుగు మంది. నేను ఆయనతో, బల్లలు గదిలో వెయ్యొచ్చు కదండీ అన్నాను. గదిలో వెలుగు చాలదు, ఫొటోలు రావన్నారు. అంతే. నా పోరాటం ఆ ఒక్క వాక్యం.

"తీసెయ్యండమ్మా. మళ్ళీ చేసుకుందాం" అన్నాను పిల్లలతో.

అప్పుడు కూడా పెద్దవాళ్ళు జంకారు. చిన్నవాళ్ళలో ఒకడు కాలు పెట్టి తొక్కాడు. అది బాగుందనిపించి ఇంకొకడు తొక్కాడు. ఇక అందరూ ఎగబడ్డారు. కేరింతలు. ఎండిన వాలు పెచ్చులు పెచ్చులుగా విరిగింది. చీటీలు కాళ్ళ కింద నలిగాయి. పెద్ద గుంట తొక్కలేదు. చేటలోకి ఎత్తి, పెరట్లోకి మోసి, మళ్ళీ వచ్చి ఎత్తింది. అది అంత నెమ్మదిగా చెప్పిన పని చేస్తుంటే చూడలేక నేను బకెట్టు తెచ్చి వరండా కడిగాను. ఎర్రటి నీళ్ళు మెట్ల మీంచి కారాయి. మా అమ్మాయి వెళ్ళి బయట ఆగి ఉన్న మాస్టారి జీపులో కూర్చుంది.

సాయంత్రం మాస్టారు వెళ్ళాక, ఎవరు ఏ బొమ్మ దగ్గర నిలబడాలో, అడిగితే ఏం చెప్పాలో నేర్పించాను. అవును, నేనే. ఆయన నేర్పమని చెప్పి వెళ్ళారు, నేర్పింది నేను. పద్యం వల్లె వేయించినట్టు వేయించాను. ఐస్ పుల్లల ఇల్లు పెద్ద గుంటకి ఇచ్చాను, అది బాగా మాట్లాడుతుందని. "నేనే చేశాను, నాలుగు రోజులు పట్టింది" అని చెప్పమన్నాను. అది తలూపింది. అసలు ఐస్ పుల్లలంటే ఏటి టీచర్ అని అడిగింది. చెప్పాను. అన్ని ఐసులు ఎవరు తిన్నారని అడిగితే మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పదకొండు గంటలకు మూడు కార్లు వచ్చాయి. మేడమ్ గారు చాలా బాగా మాట్లాడారు. పిల్లల భుజాల మీద చేతులు వేశారు. ఎత్తుకున్నారు. ఎత్తుకున్నంతసేపూ ముఖం ఫోను వైపు ఉంది. దింపగానే పక్కనున్నావిడ తడి కాగితం అందించింది, మేడమ్ గారు వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుని ఆ కాగితం వరండాలోనే కుర్చీ కిందకి జార్చారు. నిమ్మకాయ వాసన. అది నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. ముక్కుపుడకల చిన్న గుంట ఒకత్తి నెమలి మెరుపులు ముట్టుకోబోతే మాస్టారు దాని చెయ్యి పట్టి పక్కకి తీశారు.

"ముట్టుకోకు, పాడైపోద్ది" అన్నారు.

ఆ గుంటే చేసిందని మేం చెప్పుకుంటున్న నెమలి అది. ఆ సంగతి ఎవరికీ వింతగా అనిపించలేదు.

మేడమ్ గారు ఐస్ పుల్లల ఇంటి దగ్గర ఆగారు. చాలా బాగుంది, ఎవరు చేశారని అడిగారు. పెద్ద గుంట చేతులు కట్టుకుని నేనేనండి అంది. ఎలా చేశావని అడిగారు. ఆ ప్రశ్నకి నేను జవాబు నేర్పలేదు.

"మొదట గోడలు నిలబెట్టేనండి. ఈ పక్క గోడ నిలవనేదు. రెండుసార్లు పడిపోనాది. మూడోసారి మా ఇంట్లో గోడకి ఎలాగ సేత్తారో అలాగ సేసేను. అప్పుడు నిలిసింది" అంది.

తడబడలేదు. కళ్ళలోకి చూస్తూ చెప్పింది. కూలిన వాలు సంగతి తెచ్చి ఆ దుకాణపు ఇంటికి అతికించింది. అంత నిజమైన మాట అంత అబద్ధానికి వాడటం నేను అంతకుముందు చూడలేదు. మేడమ్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ పిల్లల్లో ఎంత టాలెంటుందో చూడండి, మన పిల్లలకి అన్నీ ఉండి ఏం లాభమని పక్కవాళ్ళతో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గుంటకి రంగుల పెట్టె, ఒక ధ్రువపత్రం ఇచ్చారు. వాటితో నాలుగు ఫొటోలు తీశారు, వెనకున్న అసలు కొండ కనపడేట్టు రెండు, కనపడకుండా రెండు.

కార్లు వెళ్ళిపోయాక మాస్టారు బొమ్మలన్నీ జాగ్రత్తగా అట్టపెట్టెల్లో సర్దించారు. మర్నాడు ఇంకో మండలంలో ఇంకో బడి ఉందట. వరండా నిండా బిస్కెట్ కాగితాలు, సగం తాగిన నీళ్ళసీసాలు, ఆ తడి కాగితం. ఊడుస్తుంటే పెద్ద గుంట దగ్గరికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"బాగా సెప్పేనా టీచర్?" అంది.

అది నా శిష్యురాలు. పాఠం ఒప్పచెప్పింది, నేను నేర్పనిది కూడా కలిపి చెప్పింది. మెప్పు కోసం చూస్తోంది, నేను ఫోనులో చప్పట్లు లెక్కపెట్టుకున్నట్టే. బాగా చెప్పావమ్మా అన్నాను. తల నిమిరాను. ఆ చెయ్యి తర్వాత ఎన్నిసార్లు కడుక్కున్నానో.

ఇంటికి దిగుతుంటే, ఘాట్ సగం దిగాక, జీపులో మా అమ్మాయి ఒక్క మాట అడిగింది.

"ఆ స్టిక్కర్ మీద పేరున్న అబ్బాయికి తెలుసా అమ్మా?"

తెలియదన్నాను. మర్నాటి నుంచి అది కొండకి రానంది. మళ్ళీ మంచమెక్కింది, మళ్ళీ ఆ జిగురు ముద్ద వీడియోలు. నేను తిట్టలేదు. తిట్టడానికి నాకు నోరు లేదు.

నాలుగు రోజులు పోయాక నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎనిమిది మంది వచ్చారు. నా చేతుల వైపు చూస్తున్నారు, అట్టపెట్టెలు తెచ్చానేమోనని. పుట్టమన్ను తెచ్చుకోండి, కొండ మళ్ళీ చేద్దామన్నాను. చేటలు పట్టుకుని పరిగెత్తుతారనుకున్నాను. అంతకుముందు మొట్టమొదట కాలు పెట్టి తొక్కినవాడు ముఖం ముడిచాడు.

"మట్టి వద్దు టీచర్. ఫొటోలో తెలీదు" అన్నాడు.

మాస్టారి మాట. ఆయన అన్నప్పుడు వాడు పక్కనే ఉన్నాడన్నమాట. మిగతావాళ్ళు కూడా ఐస్ పుల్లలు కావాలన్నారు, మెరుపులు కావాలన్నారు. ఒక తల్లి అడ్డాకుల మోపుతో దిగుతూ ఆగి, అలాంటి నెమలి సంతలో దొరుకుతుందా, మా గుంటకి ఒకటి కొనాలని అడిగింది. బడిలో ఇచ్చే పని కదా, లేకపోతే వెనకబడిపోతుందేమోనని ఆవిడ భయం. రెండు వారాలు పట్టి పిల్లలు తమ చేతుల్తో నేర్చుకున్నదంతా ఒక్క పది నిమిషాల రాక కోసం తుడిచిపెట్టి, దాని చోట్లో అంగడి సరుకు పెట్టాం. ఆ రోజు గంటసేపు కూర్చుని, పాటలు పాడించి, తాళం వేసి వచ్చేశాను. ఆ తర్వాత సెలవుల్లో మళ్ళీ తెరవలేదు.

జూన్‌లో బడులు తెరిచారు. మొదటి టీచర్ల సమావేశంలో నన్ను లేపి వేసవిలో చేసిన కృషి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు రాత్రే తెలిసింది. నిజం చెప్పేద్దామనుకుని వెళ్ళాను. స్టిక్కరు సంగతి, వరండా కడిగిన సంగతి, అన్నీ. నిలబడ్డాను. ఎదురుగా డెబ్బై ఎనభై మంది, ముందు వరసలో మాస్టారు నవ్వుతూ. నేను మట్టికొండ గురించి చెప్పాను. గెడ్డల తగాదా, తాడుతో కొలత, నాయనమ్మ రాయి, అన్నీ చెప్పాను. ఒక్కటీ అబద్ధం కాదు. కొండ ఇప్పుడు లేదని మాత్రం చెప్పలేదు. ఎందుకు లేదో చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. ఒక కొత్త టీచరమ్మ భోజనాల దగ్గర నా పక్కకొచ్చి, మీ బడికొచ్చి ఆ కొండ చూస్తానక్కా అంది. వానలకి పోయింది అన్నాను. మరో అబద్ధం. పెద్ద గుంటకి నేర్పిన పని నాకు ముందే ఎంత బాగా వచ్చో అప్పుడు తెలిసింది. చెయ్యి కడుక్కునే చోటికి వెళ్ళి నిజంగానే కక్కుకున్నాను.

ఆ వారమే పెద్ద గుంట ఆరో తరగతికి హాస్టల్ బడికి వెళ్ళిపోతోందని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. దూరపు మండలం, పండగలకే వస్తారు. గుమ్మంలో నాయనమ్మ చింతపండు గింజ తీస్తోంది. గుంట రేకు పెట్టెలో బట్టలు సర్దుకుంటోంది. చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చారు, తాగాను. తర్వాత చెప్పాను. ఆ రోజు నేను నీకు నేర్పింది తప్పమ్మా అన్నాను. ఆ ఇల్లు నువ్వు చెయ్యలేదు, చేశానని చెప్పించాను, నువ్వు చేసిన కొండని నేనే తీయించాను, నాది తప్పు అన్నాను. పెద్దవాళ్ళెవరైనా దానితో అలా మాట్లాడటం అదే మొదటిసారనుకుంటాను. అది బట్ట మడత పెట్టడం ఆపి నాయనమ్మ వైపు చూసి, నేనన్నది వాళ్ళ భాషలో చెప్పింది.

ముసలావిడ నవ్వింది. దానికేముంది టీచరమ్మా అన్నట్టు చెయ్యి ఊపింది. వాళ్ళ ఊరికి కొళాయి వేసినప్పుడు కూడా అంతేనట, మనవరాలు తెలుగులోకి మారుస్తుంటే చెప్పింది. గొట్టం పాతారు, పూలదండ వేశారు. నీళ్ళు రాకపోతే ఊట నుంచి నిండు బిందె తెప్పించి దాన్ని కొళాయి కింద పెట్టి, ఆవిడనే వంగి పట్టుకోమని ఫొటో తీశారు. నీళ్ళు ఇంకా రాలేదు. ఫొటోకి అలాగే ఉండాలి కదా అంది, మా అందరికీ తెలిసిన ఆచారం చెబుతున్నంత మామూలుగా. ఆవిడ నన్ను ఓదారుస్తోంది. దానికంటే ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ కొళాయి దగ్గర ఫొటో తీసినవాళ్ళ వరసలో నన్ను కూర్చోబెట్టి, ఫరవాలేదంటోంది.

గుంట నెమ్మదిగా అడిగింది.

"పాఠంలో సెప్పేవి కూడా అలాగే సెప్తారా టీచర్?"

"లేదమ్మా. అవి నిజాలే" అన్నాను.

తలూపింది. పెద్దవాళ్ళు చెప్పినప్పుడు పిల్లలు ఊపినట్టు ఊపింది. నమ్మిందో లేదో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. మళ్ళీ బట్టలు మడత పెట్టసాగింది. రంగుల పెట్టె అడుగున పెట్టుకుంది, ధ్రువపత్రం నలగకుండా రెండు గౌనుల మధ్య పెట్టింది. హాస్టల్లో చేరేటప్పుడు చూపిస్తే మంచిదని ఎవరో చెప్పారట. అది తీసెయ్యమని నేను చెప్పలేకపోయాను. బాగా చదువుకో అని చెప్పి లేచాను. రోడ్డు దాకా అది నా వెనకే వచ్చింది, జీపు వచ్చేదాకా నిలబడింది, టాటా చెప్పింది. జీపులో పక్కనున్నావిడ ఒళ్ళో బుట్టనిండా పండిన పనసతొనలు. ఆ తీపి వాసన మామూలుగా నాకిష్టం. ఆ రోజు మాత్రం కిందికి దిగేదాకా చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను.